ఇరవై రెండేళ్ళు, మూడు తరాల లోకల్ రైళ్ళు: గరిష్ఠ వేగం కన్నా తలుపులే ముఖ్యం

ఇరవై రెండేళ్ళుగా ఒకే మార్గంలో విద్యుత్ లోకల్ రైలు ఎక్కుతున్నాను. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొత్తం పంతొమ్మిది స్టేషన్లు, సగటున రెండు కిలోమీటర్ల ఎడం. ఈ కాలంలో మూడు తరాల రైళ్ళు చూశాను. మొదటివి రెసిస్టర్లతో, డీసీ మోటార్లతో నడిచేవి. తరువాతవి జీటీఓ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులున్న ఇన్వర్టర్లవి (డీసీ కరెంటును ఏసీగా మార్చే పరికరాలు). ఆరేళ్ళుగా తిరుగుతున్నవి ఐజీబీటీ అనే మరో రకం స్విచ్చులున్న ఇన్వర్టర్లవి. నేను రైల్వే ఉద్యోగిని కాను. కర్మాగారాల్లో మోటార్లు బాగుచేయడం నా వృత్తి, అందుకే రైలెక్కితే నా చెవి పెట్టె నేల కిందే ఉంటుంది.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ మూడింటిలో కొత్త రైలే మేలైన యంత్రం. వేగం పుంజుకోవడంలో, బ్రేకు వేయడంలో, కరెంటు ఆదా చేయడంలో పాతది దాని దరిదాపులకు రాదు. అయినా నా ప్రయాణ సమయం తగ్గవలసినంత తగ్గలేదు. యంత్రం మిగిల్చిన సెకన్లను తలుపులు తినేస్తున్నాయి.

పాత రైలు సంగతి తెలిస్తే కొత్తదాని విలువ అర్థమవుతుంది. ఆగి ఉన్న డీసీ మోటారుకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే కరెంటు అదుపు తప్పుతుంది. అందుకని మొదట వరుసగా రెసిస్టర్లను అడ్డుపెట్టి, వేగం పెరిగేకొద్దీ ఒక్కో మెట్టు తొలగించేవారు. మోటార్లను కూడా మొదట సిరీస్‌లో (ఒకదాని వెనుక ఒకటిగా), ఆ తరువాత ప్యారలల్‌లో (పక్కపక్కన) కలిపేవారు. ప్రతి మెట్టుకూ ఒక కుదుపు. నిలబడ్డవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా ఆ మెట్లను లెక్కపెట్టగలిగేవారు. రెసిస్టర్లలో కాలిపోయిన కరెంటంతా వేడిగా మారి, రైలు స్టేషన్‌లో ఆగినప్పుడు పెట్టె కింది నుంచి ప్లాట్‌ఫారం అంచుకు వేడిగాలిగా తగిలేది. ఇక మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు, కమ్యుటేటర్ ఎంత సున్నితమైనవో నా వృత్తిలో రోజూ చూసేదే. పట్టాలపై నీళ్ళు నిలిచేంత వానలు పడ్డ వారంలో ఒకటో రెండో మోటార్లు పనిచేయని రైళ్ళు తగిలేవి. బయలుదేరిన పది సెకన్లలోనే తెలిసిపోయేది, రైలు ఈడ్చుకుంటూ కదిలేది.

రెండో తరంలో మోటారే మారిపోయింది. బ్రష్షులు లేని మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు వచ్చింది. పై తీగలోని 1500 వోల్టుల డీసీని ఇన్వర్టర్ ఏసీగా మార్చి, దాని వోల్టేజీనీ ఫ్రీక్వెన్సీనీ వేగానికి తగినట్టు పెంచుతూ పోతుంది. కుదుపులు పోయి పాట వచ్చింది. జీటీఓ స్విచ్చులు సెకనుకు కొన్ని వందలసార్లు మాత్రమే తెరుచుకుని మూసుకోగలవు, ఆ ఫ్రీక్వెన్సీ సరిగ్గా మన చెవికి వినిపించే పరిధిలో ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఏసీ కరెంటు ఒక్కో ఆవృత్తిలో (సైకిల్‌లో) ఇచ్చే పల్సుల సంఖ్యను అంచెలంచెలుగా తగ్గించాలి. అందుకే స్వరం పైకెగసి, ఒక్కసారిగా దిగి, మళ్ళీ ఎగసేది. గేర్లు లేని రైలు గేర్లు మారుస్తున్నట్టు ఉండేది. జపాన్‌లోని కేక్యూ రైల్వే 1998లో నడిపిన 2100 శ్రేణి రైళ్ళలో జర్మనీ కంపెనీ సీమెన్స్ ఇంజనీర్లు ఈ శబ్దాన్ని ఏకంగా స్వరాల వరుసగా కూర్చారు. రైలు కదులుతుంటే సంగీతం సాధన చేస్తున్నట్టే ఉండేది. తప్పించలేని మోతను వినసొంపుగా మలిచిన ఆ ఆలోచన నాకెంతో ఇష్టం. ఐజీబీటీలు అంతకన్నా చాలా వేగంగా స్విచ్ అవుతాయి కనుక మూడో తరం రైలులో సన్నని ఝుంకారం మాత్రమే మిగిలింది.

వేగం పుంజుకోవడం గురించి కొంచెం లెక్క వేద్దాం. పాత రైలు ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు దాదాపు అర మీటరు మేర, కొత్తది దాదాపు ఒక మీటరు మేర పెంచుకుంటున్నట్టు నా ఫోనులోని సెన్సరుతో కొలిచాను. మొదటి క్షణం నుంచే పూర్తి వేగంతో వెళ్ళడంతో పోలిస్తే, గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకునేలోపు పాత రైలు 22 సెకన్లు నష్టపోతే, కొత్తది 11 సెకన్లే నష్టపోతుంది. నా మార్గంలో పద్దెనిమిది సార్లు బయలుదేరాలి. అంటే ఒక వైపు ప్రయాణంలో దాదాపు మూడు నిమిషాల ఇరవై సెకన్ల లాభం.

ఇది ఒక్క ఇన్వర్టర్ గొప్పతనం కాదు, మోటార్లను ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. ఉక్కు చక్రానికీ ఉక్కు పట్టాకూ మధ్య పట్టు తక్కువ. చక్రంపై పడే బరువులో ఐదో వంతే తోపుగా (రైలును కదిపే బలంగా) వాడుకోగలమనుకుందాం. మొత్తం బరువులో ఐదో వంతున్న ఇంజన్ ఒక్కటే ముందు నుంచి లాగితే, రైలు సెకనుకు 0.4 మీటరు చొప్పున మించి వేగం పెంచుకోలేదు, ఇంజన్‌కు ఎంత శక్తి ఉన్నా సరే. అదే రైలంతటా సగం ఇరుసులకు మోటార్లు బిగిస్తే సగం బరువు పట్టుకు పనికొస్తుంది, సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పెరుగుతుంది. ప్రతి పెట్టెలో మోటార్లు పెట్టి, వాటన్నిటినీ ఒకే డ్రైవరు ఒకే హ్యాండిల్‌తో నడిపే పద్ధతిని అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్ 1897లో షికాగోలోని సౌత్ సైడ్ ఎలివేటెడ్ రైల్వేలో చేసి చూపించాడు. ఈనాటి లోకల్ రైలు, మెట్రో రైలు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. అంత సుళువైన, అంత బలమైన ఆలోచన రైల్వే చరిత్రలో మరొకటి లేదని నా నమ్మకం.

కొత్త రైళ్ళు వచ్చినప్పుడు మాత్రం అందరూ చెప్పుకున్నది గరిష్ఠ వేగం గురించే. గంటకు 100 నుంచి 120కి పెరిగిందట. రెండు కిలోమీటర్ల ఎడంలో దానివల్ల ఒరిగేదెంత? సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పెంచి, అదే లెక్కన తగ్గించినా ఒక్కో ఎడానికి ఆరున్నర సెకన్లు మిగులుతాయి. నిజానికి ఎక్కువ వేగంలో మోటారు తోపు తగ్గిపోతుంది కనుక అంత కూడా మిగలదు. దానికోసం రైలులో నింపవలసిన గతిశక్తి మాత్రం 44 శాతం ఎక్కువ. స్టేషన్లు దగ్గరగా ఉండే మార్గానికి ఇది గిట్టుబాటు బేరం కాదు.

ఇప్పుడు తలుపుల సంగతి. పాత పెట్టెకు ఒక్కో వైపు నాలుగు తలుపులు ఉండేవి. కొత్తదానికి రెండే. రెండు తలుపుల స్థలంలో సీట్లు వేశారు. ఖాళీ సమయంలో అది హాయిగా ఉంటుంది, నేనూ కూర్చుంటాను. రద్దీ వేళల్లో మాత్రం దిగేవాళ్ళు పెట్టె మధ్యలో ఇరుక్కుపోతారు, ఎక్కేవాళ్ళు తలుపు దగ్గరే గుమిగూడతారు. రెండు నెలల పాటు గడియారం పెట్టి చూశాను. పెద్ద స్టేషన్లలో పాత రైలు పాతిక సెకన్లు ఆగితే, కొత్తది నలభై దాకా ఆగుతోంది. మోటార్లు సంపాదించిన పదకొండు సెకన్లు అక్కడే హరించుకుపోయాయి. ఒక రైలు ఆలస్యమైతే తరువాతి స్టేషన్‌లో జనం ఇంకా పెరుగుతారు, దాంతో అది ఇంకా ఆలస్యమవుతుంది. ఈ పెట్టె నమూనా గీసినవాళ్ళు సాయంత్రం ఆరు గంటలకు ఒక్కసారి ఈ రైలెక్కి ఉంటే ఆ రెండు తలుపులను తీసివేసేవారు కారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

బ్రేకుల విషయంలో కొత్త రైలును ఎంత మెచ్చుకున్నా తక్కువే. నాలుగు వందల టన్నుల రైలు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిశక్తి దాదాపు 27 యూనిట్ల కరెంటుకు సమానం. పాత రైలు ఆగిన ప్రతిసారీ ఇదంతా బ్రేకు దిమ్మల మీద వేడిగా, ఇనుప పొడిగా మారేది. కొత్త రైలులో మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును పై తీగకు తిప్పి పంపుతాయి. అయితే డీసీ మార్గంలో ఆ కరెంటును వాడుకోవడానికి దగ్గరలో మరో రైలు ఉండాలి. లేకపోతే తీగలో వోల్టేజీ పెరుగుతుంది, ఒక హద్దు దాటాక ఇన్వర్టర్ తిప్పి పంపడం మానేసి గాలి బ్రేకులకు పని అప్పగిస్తుంది. ఉదయం రద్దీలో చివరిదాకా సన్నని ఝుంకారంతో ఆగే ఈ రైలే, రాత్రి పదకొండింటికి సగంలో ఝుంకారం ఆపేసి బ్రేకుల గరగరతో ఆగుతుంది. ఆ తేడా విన్న ప్రతిసారీ అవతల మరో రైలు లేదని నాకు తెలిసిపోతుంది. మధ్యలో రెండేళ్ళు 25,000 వోల్టుల ఏసీ మార్గంలోనూ తిరిగాను. అక్కడ మిగులు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా గ్రిడ్‌కు చేరగలదు కనుక ఈ ఇబ్బంది తక్కువ. బదులుగా ఒక ఫేజు నుంచి మరో ఫేజుకు మారే చోట కరెంటు లేని చిన్న ముక్క ఉంటుంది, అక్కడ కొన్ని సెకన్ల పాటు ఎయిర్ కండిషనర్లు ఆగిపోయేవి.

ఒక లోపం కూడా చెప్పాలి. చాన్నాళ్ళ ఎండ తరువాత పడే తొలి చినుకులకు పట్టా మీది దుమ్మూ నూనే కలిసి జారుడు పొర కడుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం మానేసి జారుతుంది, జారినచోట చదునుగా అరిగిపోతుంది. ఆ తరువాత వేగంతో పాటు పెరిగే టకటక శబ్దం. జారుడును పసిగట్టి బ్రేకు సడలించే ఏర్పాటు కొత్త రైలులో ఉంది, చాలావరకు పనిచేస్తుంది. నిరుడు మాత్రం ఒక రైలు మూడు వారాల పాటు ఆ టకటకతోనే తిరిగింది. చదునైన చక్రం పట్టాను సుత్తిలా కొడుతుంది, బేరింగులనూ పాడుచేస్తుంది. దాన్ని లేతు మీద వెంటనే తరిగి గుండ్రం చేయవలసింది.

గాలి తిత్తుల సస్పెన్షన్ బాగుంది. ఎంత జనం ఎక్కినా పెట్టె నేల ప్లాట్‌ఫారం ఎత్తులోనే నిలుస్తుంది. తిత్తుల్లోని ఒత్తిడిని బట్టి బరువు తెలుసుకుని రైలు తోపునూ బ్రేకునూ సరిచేసుకుంటుంది, కిక్కిరిసిన రైలూ ఖాళీ రైలూ ఒకేలా కదులుతాయి.

రోజూ తిరిగేవాళ్ళకు నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. మోటార్లు లేని ట్రైలర్ పెట్టె నిశ్శబ్దంగా ఉంటుంది. రైలు కదిలేటప్పుడు కాళ్ళ కింద ఝుంకారం వినిపించకపోతే మీరు ట్రైలర్ పెట్టెలో ఉన్నట్టే. అందులోనూ చక్రాలకు సరిగ్గా పైన కాకుండా పెట్టె నడిమి భాగంలో కూర్చుంటే పుస్తకం చదువుకోవచ్చు. నేను మాత్రం మోటారు పెట్టెలోనే, చక్రాల పక్కనే నిలబడతాను.