సెవెన్ కార్డ్ స్టడ్ నేర్చుకోవాలంటే: రూల్స్ పేజీ, వీడియో, యాప్... ఏది మేలు?

ఈ మధ్య ఒంగోలు నుంచి, కావలి నుంచి, నెల్లూరు నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, రమ్మీ వచ్చు, మూడు ముక్కలాట వచ్చు, హోల్డెమ్ పోకర్ కూడా కాస్త తెలుసు. సెవెన్ కార్డ్ స్టడ్ అనే పోకర్ ఆట నేర్చుకోవాలనుంది. నెట్‌లో రూల్స్ చదువుకోమంటావా, వీడియోలు చూడమంటావా, ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే యాప్ పెట్టుకోమంటావా?" కాలేజీ పిల్లలే కాదు, రిటైరైన మాస్టారు ఒకరు కూడా ఇదే అడిగారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. మూడూ నేను వాడి చూసినవే.

ముందుగా వెతకడం గురించి. ఊరికే "పోకర్ రూల్స్" అని కొడితే దాదాపు అంతా హోల్డెమే వస్తుంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే ఆటగాడు పోకర్ వరల్డ్ సిరీస్ గెలిచిన దగ్గర్నుంచి పోకరంటే హోల్డెమే అన్నట్టు అయిపోయింది. అంతకుముందు అమెరికాలో చాలాచోట్ల స్టడ్‌దే రాజ్యం. "స్టడ్ పోకర్" అని కొట్టినా జాగ్రత్తగా చూడండి. ఫైవ్ కార్డ్ స్టడ్ వేరే ఆట. కరీబియన్ స్టడ్ అయితే కాసినోలో డీలర్ మీద ఆడేది, మనకు కావలసిన ఆటతో దానికి సంబంధమే లేదు. "సెవెన్ కార్డ్ స్టడ్" అని పూర్తిగా కొట్టండి.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. డబ్బు కట్టి ఆడే యాప్‌ల జోలికి పోవద్దు. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా నిషేధంలోకి వచ్చాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ఆన్‌లైన్ ఆటల అప్పులతో ఇళ్లు గుల్లయిన వాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. ఈ ఆటలో ఉన్న అందానికి రూపాయి పెట్టాల్సిన పనిలేదు. కింద యాప్ అన్నచోటల్లా ఉత్తుత్తి చిప్స్ యాప్ అనే అర్థం.

వీడియో సంగతి త్వరగా చెప్పేస్తాను. ముక్కలు ఎలా పంచుతారో, తెరిచిన ముక్కలు ఎవరి ముందు ఎలా పేరుస్తారో చూడడానికి వీడియోకి మించింది లేదు. ముందు రెండు మూసి, తర్వాత నాలుగు తెరిచి, చివరి ఏడోది మళ్లీ మూసి. చదివితే తికమకగా ఉంటుంది గానీ ఒక్కసారి చూస్తే పట్టుబడుతుంది. అంతవరకే. తెలుగులో రమ్మీ వీడియోలు దొరికినంతగా స్టడ్‌వి నాకు దొరకలేదు. ఇంగ్లిష్‌వి చూస్తే ఫోన్ తెర మీద అంతమంది ముందున్న ముక్కలు కంటికి ఆనవు. పైగా చెప్పేవాళ్లు నియమాలు రెండు నిమిషాల్లో ముగించి వ్యూహాల్లోకి వెళ్లిపోతారు. ఒకటి చూడండి, చాలు.

ఇక పోటీ అంతా యాప్‌కీ, రూల్స్ పేజీకీ మధ్యే.

యాప్‌లో మంచి చాలా ఉంది. ఎదుటి మనిషి కోసం ఎదురుచూడక్కర్లేదు. ముక్కలు కలపడం, పంచడం, పందేలు లెక్కపెట్టడం అన్నీ అదే చూసుకుంటుంది. ఒక్క సాయంత్రంలో ఇంట్లో వారం ఆడినన్ని ఆటలు ఆడొచ్చు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి, హాస్టల్లో ఒంటరిగా ఉండేవాళ్లకి అంత వీలు ఇంకెక్కడా దొరకదు. పొరపాటు చేద్దామన్నా యాప్ చేయనివ్వదు. మీ వంతు కానప్పుడు బటన్ నొక్కినా పనిచేయదు.

నాకు అభ్యంతరం కూడా అక్కడే. స్టడ్‌లో నియమమంటే ముఖ్యంగా రెండు విషయాలు: ఈ రౌండ్ ఎవరు మొదలుపెట్టాలి, ఇప్పుడు పందెం ఎంత. హోల్డెమ్‌లో అయితే డీలర్ బటన్‌ని (పంచేవాళ్లు ఎవరో చూపే బిళ్లని) బట్టి వంతు నడుస్తుంది, కొత్తవాళ్లకీ ఇబ్బంది ఉండదు. స్టడ్‌లో వంతు నిర్ణయించేది తెరిచి ఉన్న ముక్కలు. ముక్క ముక్కకీ మొదలుపెట్టే మనిషి మారిపోవచ్చు. యాప్ ఆ పని మన బదులు చేసేసి, మన వంతు రాగానే పేరు వెలిగిస్తుంది. నెలల తరబడి యాప్‌లో ఆడి కూడా, నలుగురిలో కూర్చోగానే "ఎవరు మొదలుపెట్టాలి?" అని దిక్కులు చూసే కుర్రాళ్లు నాకు తెలుసు.

మొన్న మా ఇంట్లో చాప పరిచి నలుగురం కూర్చున్నాం. మధ్యలో చింతపిక్కలు. పంచకముందే అందరూ వేయాల్సిన యాంటీ ఒకటి, మొదలుపెట్టేవాళ్లు వేయాల్సిన బ్రింగ్-ఇన్ రెండు, చిన్న పందెం నాలుగు, పెద్ద పందెం ఎనిమిది అనుకున్నాం. బావ పంచాడు. మూడో ముక్క తెరిచేసరికి అక్కకి కళావరు మూడు, నాకు డైమను మూడు, బావకి ఆఠీను తొమ్మిది, తమ్ముడికి ఇస్పేటు ఆసు. "తక్కువ ముక్క ఉన్నవాళ్లు మొదలుపెట్టాలన్నావు గదరా, ఇద్దరికీ మూడే వచ్చింది, ఇప్పుడెట్టా?" అంది అక్క. ఫోన్‌లో రూల్స్ పేజీ తీశాం. అంకెలు సమానమైతే గుర్తు చూడాలి. కళావరు అన్నిటికంటే తక్కువ, ఆపైన డైమను, ఆఠీను, ఇస్పేటు. అక్క రెండు పిక్కలు వేసింది. నాలుగో ముక్క పంచాక బావ మళ్లీ అక్క వైపే చూశాడు. కాదు, నాలుగో ముక్క నుంచి లెక్క తిరగబడుతుంది. తెరిచిన ముక్కల్లో ఎవరిది పెద్దగా ఉంటే వాళ్లు మొదలుపెట్టాలి. ఆసు పక్కన జాకీ పడ్డ మా తమ్ముడే పెద్ద. ఒకవేళ అక్కడ ఇద్దరివీ సమానమైతే గుర్తు చూడరు, పంచినవాళ్లకి ఎడమ పక్కనుంచి ఎవరు ముందుంటే వాళ్లది వంతు. ఐదో ముక్క నుంచి పందెం రెట్టింపు. ఇవన్నీ ఆ ఒక్క ఆటలోనే మాకు ప్రశ్నలై వచ్చాయి, ప్రతిదానికీ పేజీలో జవాబు దొరికింది. మా అక్క ఆ తర్వాత ఇంకెవరినీ అడగలేదు.

ఇది ఒక కారణం. నా దృష్టిలో అసలు తేల్చేది ఇంకొకటి ఉంది: వెళ్లిపోయిన ముక్కలు.

మూడు ముక్కలాటలో ఎదుటివాళ్ల ముక్కలు మనకు కనబడవు. హోల్డెమ్‌లో బల్ల మధ్య కనబడేవి అందరివీ. స్టడ్‌లో మాత్రం ఎదుటివాళ్ల సొంత ముక్కలే మన కళ్లముందు తెరిచి ఉంటాయి. ఒకరు ప్యాక్ చేయగానే అవి బల్ల మీంచి తీసేస్తారు. వాటిని గుర్తుపెట్టుకున్నవాళ్లకే ఈ ఆట అర్థమవుతుంది. మీకు వచ్చిన మూడూ ఆఠీనులే అనుకోండి. ఎనిమిది మంది ఆడుతున్నారు. మిగతా ఏడుగురి ముందు తెరిచిన ఏడు ముక్కల్లో ఆఠీను ఒక్కటీ లేదు. అంటే మీరు చూడని 42 ముక్కల్లో పది ఆఠీనులూ ఉన్నాయి. ఇంకా వచ్చే నాలుగు ముక్కల్లో కనీసం రెండు ఆఠీనులు పడి ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) అయ్యే అవకాశం నూటికి దాదాపు 24. అదే ఆ ఏడింటిలో నాలుగు ఆఠీనులు ఉంటే? ఆరే మిగులుతాయి, అవకాశం నూటికి 9కి పడిపోతుంది. చేతిలో ముక్కలు అవే, విలువ మాత్రం సగం కూడా లేదు. ఆ నలుగురూ ప్యాక్ చేసి వెళ్లాక ఆ ఆఠీనులు బల్ల మీద కనబడవు, మీ తలలో ఉంటేనే ఉన్నట్టు.

యాప్‌లో అవి రెప్పపాటులో మాయమవుతాయి. కొన్నింటిలో ఆట అయ్యాక హిస్టరీ చూసుకోవచ్చు గానీ, తర్వాతి ఆట అప్పటికే మొదలై ఉంటుంది, వెనక్కి వెళ్లి చూసేవాళ్లు తక్కువ. పైగా చిప్స్ ఉత్తవి కాబట్టి దాదాపు ఎవరూ ప్యాక్ చేయరు, ఏ ముక్కలొచ్చినా ఏడోదాకా కూర్చుంటారు. ఎవరూ ప్యాక్ చేయని చోట వెళ్లిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకునే అలవాటు ఎలా వస్తుంది? అదే ఇంట్లో కట్టతో ఆడితే మధ్యలో ఆగొచ్చు. "ఇప్పటిదాకా వెళ్లినవి ఏంటి?" అని అడిగి, ఎవరికి వారు చెప్పి, పక్కన పెట్టిన ముక్కలు తిప్పి చూసుకోవచ్చు. ఎదుటివాడు పారేసిన ముక్కలు గుర్తుపెట్టుకుంటూ రమ్మీ ఆడే మనవాళ్లకు ఈ అలవాటు సగం ముందే ఉంటుంది. ఆ సగాన్ని యాప్ నిద్రపుచ్చుతుందనే నా బాధ.

అందుకే నా ఓటు రూల్స్ పేజీకి, పక్కన ఒక పేక కట్టకి. తోడు ఎవరూ లేకపోతే ఒక్కరే ఐదారు చేతులకి పంచుకుని, ప్రతి రౌండుకీ ఎవరు మొదలుపెట్టాలో పైకి చెప్పి, పేజీతో సరిచూసుకోండి. పేజీ ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి: ఎనిమిది మందీ చివరిదాకా ఉంటే 56 ముక్కలు కావాలి, కట్టలో ఉన్నవి 52. అప్పుడేం చేయాలో ఆ పేజీలో రాసి ఉందా? ముక్కలు చాలకపోతే చివరి ముక్క ఒక్కటే మధ్యలో తెరిచి, అందరికీ అదే ఏడో ముక్క అంటారు. ఆ సంగతి రాసిన పేజీ మిగతావి కూడా వదలకుండా రాసి ఉంటుంది.

మూడు ముక్కలాట నుంచి వచ్చేవాళ్లు ఒక్కచోట ఆగి చూసుకోవాలి. అక్కడ సీక్వెన్స్ కలర్‌ని కొడుతుంది. ఇక్కడ ఫ్లష్ స్ట్రెయిట్‌ని (వరసగా వచ్చే ఐదు ముక్కల్ని) కొడుతుంది. మూడు ముక్కల్లో సీక్వెన్స్‌లు 720, కలర్‌లు 1,096 కాబట్టి సీక్వెన్స్ అరుదు. ఐదు ముక్కల్లో ఫ్లష్‌లు 5,108, స్ట్రెయిట్‌లు 10,200, కాబట్టి ఫ్లష్ అరుదు. ఆసు, రెండు, మూడు అక్కడ రెండో పెద్ద సీక్వెన్స్. ఇక్కడ ఆసు నుంచి ఐదుదాకా వస్తే అన్నిటికన్నా చిన్న స్ట్రెయిట్.

చాట్‌బాట్‌ని అడగొచ్చా అని కొందరు అడిగారు. అడగండి, కానీ జవాబును పేజీతో సరిచూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే రూల్స్ ఫోటోలు వద్దు.

యాప్‌ని పూర్తిగా వదిలేయమనడం లేదు. పేజీ చూడకుండా ఒక ఆట మొత్తం నడిపించగలిగాక పెట్టుకోండి. అప్పుడు అది మంచి సాధన. పేరు వెలగకముందే ఎవరి వంతో మీరే చెప్పుకోండి, ఎవరైనా ప్యాక్ చేయగానే వాళ్ల ముక్కలు ఒకసారి మనసులో అనుకోండి. రాజ్, హై-లో లాంటి స్టడ్ రకాలు మాత్రం అప్పుడే ముట్టుకోవద్దు. రాజ్‌లో తక్కువ చెయ్యి గెలుస్తుంది, పెద్ద ముక్క తెరిచినవాళ్లు బ్రింగ్-ఇన్ వేయాలి, నాలుగో ముక్క నుంచి చిన్నవాళ్లు మొదలుపెట్టాలి. ఇప్పుడు నేర్చుకున్నదంతా తలకిందులు. మామూలు స్టడ్‌లో వంతు ఎవరిదో తడుముకోకుండా చెప్పగలిగిన రోజున ఆ పేజీ తెరవండి.