నాన్న గుండెకు వీడియో కన్సల్టేషన్: మూడేళ్ల వాడకం తర్వాత

2022 ఆగస్టులో నాన్నకు గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది, కానీ గుండె కండరం బలహీనపడింది. ఎకోలో (గుండె స్కానింగ్) ఇజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో కొట్టుకు బయటికి పంపే రక్తం వాటా, 35 శాతమే. ఊళ్లో, కదిరిలో వదిలేయడానికి మనసొప్పక అమ్మానాన్నలిద్దర్నీ బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆసుపత్రేమో బన్నేరుఘట్ట రోడ్డులో. పది నిమిషాల చెకప్ కోసం సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి వెళ్లొస్తే ఒక పూట పోయేది. ఆ రోజంతా నాన్న నీరసంగా పడుకునేవారు. అందుకే వీడియోకి ఒప్పుకున్నాం.

నాకు అర్థమైంది ఏంటంటే, ఇందులో వీడియో కంటే నోట్‌బుక్ ముఖ్యం. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయాలి. మొదట్లో నాన్న ఒప్పుకోలేదు. "రోజూ తూకం వేయడానికి నేనేమన్నా చెనిక్కాయల మూటనా అమ్మా?" అనేవారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థమని డాక్టర్ ఓపిగ్గా చెప్పాక దారికొచ్చారు.

ఆ నోట్‌బుక్కే మమ్మల్ని కాపాడింది. ఒక సంక్రాంతికి చుట్టాలొచ్చారు, ఊరగాయలు, కారాలు, అప్పడాలు, అన్నిట్లో ఉప్పే. నాలుగో రోజు పొద్దున బరువు 61.2 నుంచి 63.4కి చేరింది. ఆయాసం ఇంకా మొదలు కాలేదు. ఆ రోజే వీడియోలో డాక్టర్ మా అమ్మతో నాన్న మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కించారు. గుంట పడి అలాగే ఉండిపోయింది, అంటే నీరు చేరినట్టే. నీరు తీసే మాత్ర డోసు పెంచి, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) టెస్టులు రాశారు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు. వారంలో బరువు దిగింది. అడ్మిషన్ అవసరం పడలేదు.

బీపీ విషయంలో మాత్రం మొదటి నెలంతా తప్పు అంకెలే పంపాను. వాకింగ్ నుంచి రాగానే, చెయ్యి వేలాడదీసి చూసేదాన్ని, పైనది 150 దాటేది. నర్స్ వీడియోలో చూసి సరిచేసింది: వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. అలా చూస్తే 128 వచ్చింది. ఇది తెలియకపోతే అనవసరంగా మందు పెరిగేది.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఒకసారి మా డాక్టర్ సెలవులో ఉంటే వేరే ఆయన లైన్లోకి వచ్చారు. పాత చీటీ చూడకుండా క్లోపిడోగ్రెల్ రాశారు. నాన్న వేసుకునే కాంబినేషన్ మాత్రలో అది ముందే ఉంది, కంపెనీ పేరు వేరు, అంతే. మెడికల్ షాపు అబ్బాయి పట్టుకున్నాడు. రక్తం పలచబడే మందు రెండింతలైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. అప్పట్నుంచి కాల్ మొదట్లోనే మాత్రల అట్టలన్నీ కెమెరాకి చూపిస్తున్నాను. మీరూ చూపించండి. చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో కూడా చూసుకోండి, 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అది ఉండాలి.

తమ్ముడు ఈసీజీ తీసే వాచీ కొనిచ్చాడు. గుండె లయ తప్పితే అది చెప్పగలదు, గుండెపోటును మాత్రం పట్టలేదు. ఒక రాత్రి నాన్నకు ఛాతీ బరువెక్కి చెమటలు పట్టాయి. వాచీలో అంతా బాగానే ఉన్నట్టు చూపించింది. నేను టెన్షన్‌లో యాప్ తెరిచాను. అమ్మ ఫోన్ లాక్కుని 108కి చేసింది. అమ్మ చేసిందే సరైన పని. అలాంటప్పుడు కావలసింది పూర్తి ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందా అని చూసే రక్త పరీక్ష). అవి ఆసుపత్రిలోనే అవుతాయి. ఆ రాత్రికి గండం లేదని తేలింది, మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చాం.

ఇప్పుడు నెలకోసారి వీడియో, ఆరు నెలలకోసారి నేరుగా. చెనిక్కాయ కోతలకు నాన్న కదిరి వెళ్లినా కాల్ ఆగడం లేదు, తూకం మిషన్ సంచిలో ముందే పెట్టుకుంటున్నారు. వచ్చే నెల ఎకో ఉంది. దానికి మాత్రం పొద్దున ఏడింటికే బయల్దేరాలి.