పెరటి గుంటలో పద్నాలుగు చేపలు, భీమవరం ఆక్వా ల్యాబ్‌లో ఒక పరీక్ష

ముందే చెప్పేస్తాను. ఇంటి వెనక చిన్న గుంటలోనో సిమెంటు తొట్టిలోనో చేపలు పెంచుకునేవాళ్లు, అవి జబ్బు పడితే అక్వేరియం షాపుకి పరిగెత్తి సీసాల మీద సీసాలు కొనకండి. దగ్గర్లో ఆక్వా ల్యాబ్ (చేపలకి, రొయ్యలకి, చెరువు నీళ్లకి పరీక్షలు చేసే చోటు) ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి. నేను 350 రూపాయలు కట్టి అరగంటలో తెలుసుకున్న సంగతి, అంతకుముందు మూడు వారాలు మందులకి 2,000 పైగా పోసినా తెలియలేదు. ఆ మూడు వారాల్లో మూడు చేపలు పోయాయి.

మాది పాలకొల్లు. పెరట్లో మా మావయ్యగారు కట్టించిన గుంట ఉంది, 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు. లెక్కేస్తే ఎనిమిది వేల లీటర్ల పైచిలుకు. అందులో పది పాత చేపలు, కోయి అనే రంగుల చేపలు, బంగారుతీగలు కలిపి. వాటికి తోడు ఈ ఏడాది సంక్రాంతి అయ్యాక నాలుగు కొత్త కోయిలు కొని, ఇంటికి తెచ్చిన గంటలోనే గుంటలో వదిలేశాను. కలువ కుండీలు కూడా అప్పుడే కడియం నుంచి తెచ్చి పెట్టాం. కొత్త చేపల్ని కొన్నాళ్లు విడిగా ఉంచి చూడాలని ఎవరైనా చెప్తే విని ఉండేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మావయ్యగారు మేత వేసే ముందు మెట్టు మీద రాయితో రెండుసార్లు తడతారు, చేపలన్నీ అక్కడికి వచ్చేస్తాయి. ఫిబ్రవరిలో ఒకరోజు తడితే సగమే వచ్చాయి. మిగతావి నీళ్లు పడే గొట్టం దగ్గర గుంపుగా చేరి, రెక్కలు ఒంటికి అతికించుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. రెండు రోజులకి ఒకటీ అరా వచ్చి గోడకి ఒళ్లు ఒరుసుకుని తళుక్కున పక్కకి తిరిగి వెళ్లిపోవడం మొదలైంది. ఆడుకుంటున్నాయనుకున్నాను.

మొదటి చేప పోయాక అక్వేరియం షాపుకి వెళ్లాను. ఫోన్‌లో వీడియో చూసి నీలం మందు ఇచ్చారు. గుంటంతా నీలంగా అయింది, చేపలు కనిపించడం మానేశాయి, వారం తర్వాత ఇంకొకటి తేలింది. మళ్లీ వెళ్తే పసుప్పచ్చ పొడి ఇచ్చారు, యాంటీబయాటిక్ అన్నారు, ప్యాకెట్ మీద ఏమీ రాసి లేదు. అదీ వేశాను. మూడోది పోయింది. ఆ రోజు మావయ్యగారు "చూడకుండా మందేంటమ్మా, మనిషికైతే ఇలాగే వేస్తామా" అన్నారు. నిజమే కదా అనిపించింది. ఆయన స్నేహితులొకరికి ఉండి అనే ఊరి దగ్గర చెరువులున్నాయి, ఆయనే భీమవరంలో ఈ ల్యాబ్ సంగతి చెప్పారు.

మాకు అరెకరం చెరువు కూడా లేదు, పద్నాలుగు చేపల కోసం వెళ్తే ఏమనుకుంటారోనని బిడియపడ్డాను. అవసరం లేదండీ. అక్కడ వరసలో నిలబడినవాళ్లందరూ రొయ్యల రైతులు, శీలావతి, బొచ్చె పెంచే రైతులు, చేతుల్లో నీళ్ల సీసాలు, కవర్లు. మైక్రోస్కోప్ దగ్గర ఉన్న అమ్మాయి ఫిషరీస్ చదువుకుందట, నా బకెట్‌ని కూడా వాళ్ల కవర్లలాగే చూసింది. నేను అడిగినదానికి జవాబు చెప్పే ముందు తను నన్ను పది ప్రశ్నలు అడిగింది. ఈ ల్యాబ్‌కి నేను మంచి మార్కులు వేసేది ముందుగా ఆ ప్రశ్నలకే.

అన్నీ ఒకేసారి నీరసపడ్డాయా, ఒకటొకటిగానా? (ఒక్కసారే అన్నీ పడిపోతే ముందు నీళ్లని అనుమానించాలట, ఒకటి తర్వాత ఒకటి అయితే పురుగో జబ్బో.) తెల్లవారుజామున మాత్రమే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా, సాయంత్రం కూడానా? తెల్లవారుజామునే అయితే ఆక్సిజన్ చాలడం లేదని అర్థం, ఎందుకంటే రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, పొద్దెక్కాక సర్దుకుంటుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం కూడా నోళ్లు తెరుస్తుంటే మొప్పలు పాడైనట్టో, అమోనియా పెరిగినట్టో. ఒరుసుకుంటున్నాయా? కొత్త చేపలు ఎప్పుడు వేశారు? ఏం మందులు వాడారు, ఏ రోజున? నేను పసుప్పచ్చ పొడి పేరు చెప్పలేకపోయేసరికి ఆ అమ్మాయి కాసేపు పెన్ను పక్కన పెట్టి, "పేరు లేని పొడి ఇంకెప్పుడూ నీళ్లలో వెయ్యకండి మేడమ్" అంది. ఆ మాట గట్టిగానే అంది, నాకు కోపం రాలేదు.

తర్వాత అసలు కష్టం. నేను రెండు చేపల్ని తీసుకెళ్లాను, ఒకటి ఐస్‌లో పెట్టిన చచ్చిన చేప, ఒకటి బకెట్‌లో బ్యాటరీ మోటారు పెట్టి తెచ్చిన బతికున్న చేప. చచ్చినదాన్ని ఆమె ముట్టుకోలేదు. చేప పోయిన కాసేపటికే దాన్ని పట్టుకుని ఉన్న పురుగులు వదిలి వెళ్లిపోతాయి, మొప్పలు తెల్లబడతాయి, ఇక అందులో కనిపించేది నమ్మలేం అంది. బతికున్నదాని మొప్ప మొత్తం కోసి చూడాలి, అలా చూస్తే ఆ చేప బతకదు. "ఒకటి పోతే మిగతా పదింటికి ఏమైందో తెలుస్తుంది, మీ ఇష్టం" అంది. మావయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి సరే అన్నారు.

ముందు ఒంటి మీద జిగురుని గాజు పలక అంచుతో మెల్లగా గీకి చూసింది, అందులో పెద్దగా ఏమీ లేదు. తర్వాత మొప్ప మూత ఎత్తి చూపించింది. మంచి చేపకి లోపల ఎర్రగా, దువ్వెన పళ్లలా విడివిడిగా ఉండాలి. మా చేపకి పాలిపోయి, జిగురు పట్టి, పళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. చిన్న ముక్క కోసి, నీటి చుక్కలో పరిచి, నన్ను కూడా చూడమంది. ఒక కన్ను మూసుకుని చూశాను. ఎర్రటి దువ్వెన మధ్యలో గాజులాంటి పురుగు ఒకటి జలగలా సాగుతోంది, ముడుచుకుంటోంది, మళ్లీ సాగుతోంది. తల దగ్గర నాలుగు నల్లటి చుక్కలు, తోక వైపు కొక్కేలు, ఆ కొక్కేలతో మొప్పని పట్టుకుని ఉంది. ఆ చిన్న ముక్కలోనే అలాంటివి తొమ్మిది లెక్కపెట్టింది. డాక్టైలోగైరస్ అంటారట, మొప్పలకి పట్టే ఫ్లూక్. నాలుగు కళ్లచుక్కలు ఉంటే ఇది, గుడ్లు పెడుతుంది. దీనికి చుట్టం గైరోడాక్టైలస్, అది ఎక్కువగా చర్మం మీద ఉంటుంది, చుక్కలుండవు, పిల్లల్నే కంటుంది. ఈ తేడా చదువు కోసం కాదు, మందు ఎన్నిసార్లు వెయ్యాలో దీన్నిబట్టే తేలుతుంది. గుడ్లకి మందు ఎక్కదు, అవి పొదిగి పిల్లలొచ్చాక మళ్లీ వెయ్యాలి.

చేప పేను అయితే మామూలు కంటికే కనిపిస్తుంది, పప్పుగింజలో సగం ఉంటుంది, పొలుసుల మీద పాకుతుంది. యాంకర్ పురుగు దారప్పోగులా వేలాడుతుంది. ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలుంటే అది ఇంకో జబ్బు. ఈ ఫ్లూక్ మాత్రం మైక్రోస్కోప్ లేకపోతే ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా దొరకదు. షాపులో వీడియో చూసి మందిచ్చినాయన చెడ్డవాడు కాదు, వీడియోలో ఇది కనిపించదు అంతే.

నీళ్ల పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. అమోనియా లీటరుకి 1 మిల్లీగ్రామ్, పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత) 7.8. నేను పొద్దున ఆరింటికి పట్టిన నీళ్లు తీసుకెళ్లాను. "మీ నీళ్లు నాచుతో పచ్చగా ఉన్నాయి, అలాంటి నీళ్లలో ఎండకి పీహెచ్ పెరుగుతుంది, రేపు మధ్యాహ్నం మూడింటికి పట్టి ఇంకో సీసా పంపించండి" అంది. పంపితే పీహెచ్ 9 వచ్చింది. అదే 1 మిల్లీగ్రామ్ అమోనియా, 7.8 దగ్గర అందులో ఇరవయ్యో వంతు మాత్రమే విషంగా ఉంటుందట, మా వేడికి 9 దగ్గర దాదాపు సగం విషమే. అంటే పొద్దున పరీక్ష చేస్తే పర్లేదనిపించే నీళ్లు మధ్యాహ్నానికి మొప్పల్ని కాలుస్తున్నాయి. అమోనియా ఎందుకు పెరిగిందంటే, నీలం మందు, ఆ పొడి కలిసి ఫిల్టర్‌లో అమోనియాని తినే బ్యాక్టీరియాని చంపేసి ఉంటాయి. ఫ్లూక్ నేను కొత్త చేపలతో తెచ్చుకున్నది అయ్యుండొచ్చు, ఈ అమోనియా మాత్రం కచ్చితంగా నేను చేతులారా చేసుకున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వైద్యం ఇలా చెప్పారు. ముందు నీళ్లు, తర్వాతే మందు. మూడు రోజులు మేత పూర్తిగా ఆపడం, రోజూ మూడో వంతు నీళ్లు మార్చడం (మున్సిపాలిటీ నీళ్లు కాబట్టి ముందు రోజే డ్రమ్ముల్లో పట్టి, క్లోరిన్ పోవడానికి హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కలిపి), రాత్రంతా నీళ్లలోకి గాలి కొట్టే ఎయిరేటర్. నాలుగో రోజు పొద్దున పొటాషియం పర్మాంగనేట్, వెయ్యి లీటర్లకి 2 గ్రాములు, అంటే మా గుంటకి 16 గ్రాములు. ఫ్లూక్‌కి ప్రాజిక్వాంటెల్ ఇంకా మేలట, చిన్న మోతాదులో దొరకలేదు. పర్మాంగనేట్ అటూ ఇటూ అయితే చేపల మొప్పలే కాలిపోతాయి, అందుకే మావయ్యగారు తెలిసిన బంగారం కొట్టుకి వెళ్లి తూయించుకొచ్చారు. బకెట్‌లో కరిగించి, ఫిల్టర్ ఆపి, ఎయిరేటర్ పెట్టి, నాలుగు పక్కలా పోశాం. గులాబీ రంగు నాలుగు గంటల్లో టీ రంగుకి దిగింది. ఇలా వారానికోసారి మూడుసార్లు. ఫార్మలిన్ అనే ఇంకో మందుతో పర్మాంగనేట్‌ని ఎట్టి పరిస్థితుల్లో కలపకూడదని రెండుసార్లు చెప్పి పంపారు, మీరూ గుర్తుపెట్టుకోండి.

ఆ వారంలోనే ఇంకొకటి పోయింది. మిగతా తొమ్మిదీ బతికాయి. రెండో మోతాదు అయిన మూడో రోజు నుంచి ఒరుసుకోవడం ఆగింది.

ఇక నచ్చనివి. రిపోర్టు మీద మోతాదులన్నీ ఎకరాకి ఇన్ని కిలోలు అని రాశారు. ఆ అమ్మాయి నోటితో గ్రాముల్లో చెప్పింది కాబట్టి సరిపోయింది, కాగితం ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చి ఉంటే నేను పెద్ద పొరపాటే చేసేదాన్ని. చిన్న గుంటలవాళ్లు మీ పొడవు, వెడల్పు, లోతు కొలిచి తీసుకెళ్లి, మోతాదు గ్రాముల్లో రాయించుకోండి, తప్పకుండా. రెండోది, బయట కౌంటర్‌లో మందులు కూడా వాళ్లే అమ్ముతారు. అక్కడి అబ్బాయి జియోలైట్, మినరల్, ప్రోబయోటిక్ కలిపి 1,900 బిల్లు వేశాడు, అన్నీ చెరువు ప్యాకెట్లే. లోపలికి తిరిగి వెళ్లి ఏది అవసరమని అడిగితే ఆమె అన్నీ కొట్టేసి పర్మాంగనేట్, హైపో మాత్రమే ఉంచింది. రాసేవాళ్లు వేరు, అమ్మేవాళ్లు వేరు అయితే బాగుండేది. మూడోది, ఆదివారం మూసేస్తారు, చేప శనివారం రాత్రి జబ్బు పడితే చాలా టెన్షన్.

ఒంటి మీద పుండ్లున్న చేపకి ఇక్కడ చేసేది చాలదు. దానికి బ్యాక్టీరియాని పెంచి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష కావాలి, అది రెండు మూడు రోజులు పడుతుంది, ఆ ఏర్పాటు తమ దగ్గర లేదని వాళ్లే చెప్పారు. లేనిది లేదని చెప్పడం నాకు నచ్చింది. ఆక్సిజన్ కూడా సీసాలో తెచ్చిన నీళ్లలో సరిగ్గా తేలదు, గుంట దగ్గరే చూడాలి.

ల్యాబ్ పేరు రాయడం లేదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి, ఏ ల్యాబ్‌కి వెళ్లినా ఒక్కటి చూసుకోండి, మైక్రోస్కోప్‌లో చేపని చూడకుండా మందు రాస్తుంటే బయటికి వచ్చేయండి. వెళ్లేటప్పుడు జబ్బుగా ఉన్న చేపని బతికుండగానే తీసుకెళ్లండి. నీళ్లు పొద్దునవి ఒక సీసా, మధ్యాహ్నానివి ఒక సీసా, పైపైన కాకుండా అడుగు లోతులో ముంచి, గాలి లేకుండా నిండా పట్టండి. వాడిన మందుల ప్యాకెట్లు పారేయకుండా పట్టుకెళ్లండి.

మొన్న ఇంకో రెండు కోయిలు కొన్నాం. అవి ఇప్పుడు వరండాలో 500 లీటర్ల టబ్బులో ఉన్నాయి, వాటి వల, బకెట్ కూడా విడిగా పెట్టాను. మూడు వారాలు ఉంచమన్నారు, ఈ రోజుకి పదకొండో రోజు. గుంటలో వదిలే ముందు వాటినీ ల్యాబ్‌కి తీసుకెళ్తాను. ఈసారి మొప్ప మొత్తం కోయక్కర్లేదట, జిగురు, మొప్ప అంచు నుంచి చిన్న తునక చాలన్నారు.