శ్రీలంకలో ఎనిమిది రోజులు, మనసంతా తలకోన మీదే

మాది తిరుపతి. 2024 ఫిబ్రవరిలో అమ్మ, నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా వాడు, నలుగురం ఎనిమిది రోజులు శ్రీలంక తిరిగొచ్చాం. వచ్చినప్పటి నుంచి ఎవరు కలిసినా ఒకటే మాట, "ఊటీ, మున్నార్ ఉండగా అంత దూరం ఎందుకు?" అని. దూరమేమీ కాదు. తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు చేరడానికి మాకు మూడున్నర గంటలు పట్టింది, అక్కడి నుంచి కొలంబోకి విమానంలో గంటంబావు. అప్పట్లో మనవాళ్లకు వీసా ఫీజు కూడా లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో అప్లై చేసుకుంటే సరిపోయింది. మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడున్నర పైనే వచ్చాయి, కాబట్టి బిల్లులో వేలు కనిపిస్తే కంగారు పడొద్దు, ముందు భాగించి చూసుకోండి.

ఇంతకీ అక్కడి కొండలు మన దక్షిణాది కొండల కంటే గొప్పవా అంటే, నా మటుకు నాకు కాదు. నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తు, చలి, టీ తోటలు, ఇంగ్లీషు వాళ్ల కాలం నాటి బంగ్లాలు, మొత్తం ఊటీ పోలికే. ఊటీ ఇంకా ఎత్తు కూడా. పచ్చదనంలో మున్నార్ ఏమాత్రం తీసిపోదు. తేడా ఉన్నదల్లా ఆ కొండల్ని వాళ్లు ఉంచుకున్న తీరులో.

కాండీ నుంచి ఎల్ల అనే కొండ ఊరికి వెళ్లే రైలు గురించి అందరూ చెప్తారు, చెప్పినంతా నిజమే. మేము నాను ఓయ స్టేషన్‌లో దిగి నువర ఎలియలో ఒక రాత్రి ఉండి, మర్నాడు మళ్లీ ఎక్కాం. సెకండ్ క్లాస్ రిజర్వుడు తీసుకోండి, ఏసీ పెట్టెలో కిటికీలు తెరుచుకోవు, పొగమంచు మొహానికి తగలకపోతే ఆ రైలు ఎక్కీ ప్రయోజనం లేదు. ఊటీ బొమ్మ రైలు మీటర్ గేజ్, పళ్ల పట్టాల మీద పాకుతూ ఎక్కుతుంది, ఇదేమో మన మామూలు రైళ్ల వెడల్పే, అంత పెద్ద రైలు లోయ అంచునే మలుపులు తిరుగుతూ పోతుంటే మా వాడు ఫోన్ పక్కన పెట్టేశాడు, నాకు అదే పెద్ద విశేషం. రిజర్వేషన్ నెల ముందే తెరుస్తారు, తెరిచిన రోజే చూసుకోవాలి. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగేవాళ్లను చూసి అమ్మకు ఒకటే టెన్షన్, దయచేసి ఆ పని చేయకండి. 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన ఎల్ల దగ్గరే, పొద్దున్నే వెళ్తే జనం తక్కువ.

ఇక బసలు. ఎల్లలో మేమున్నది ఒక ఇల్లు, పైన మూడు గదులు అద్దెకిస్తారు, కింద వాళ్లే ఉంటారు. నలుగురికీ కలిపి రోజుకు మన లెక్కలో రెండు వేల లోపే అయింది, టిఫిను అందులోనే. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, బాత్రూంలో చుక్క నీళ్లు నిలవలేదు. పొద్దున్నే ఆ ఇంటావిడ ఆప్పాలు, ఇడియాప్పాలు, కొబ్బరి పాలు పోసిన పప్పు తెచ్చి పెట్టింది. కొబ్బరి సంబోల్, అంటే వాళ్ల కొబ్బరి పచ్చడి, కూడా పెట్టబోయి, అమ్మ వంక చూసి చేత్తో చేప గుర్తు చూపించి వెనక్కి తీసుకెళ్లిపోయింది. అందులో ఎండు చేప పొడి కలుపుతారు, ఉంబలకడ అంటారు దాన్ని. శాకాహారులు ఈ పేరు గుర్తు పెట్టుకోండి, కూరగాయల కూర అన్నా అందులో అది ఉండొచ్చు. మర్నాడు చేప లేకుండా విడిగా మా కోసం నూరి పెట్టింది. సింహళంలో కూడా అమ్మను అమ్మా అనే పిలుస్తారు. మేము బయల్దేరే రోజు ఆ ఇంటావిడ గేటు దాకా వచ్చి "అమ్మా" అని చెయ్యి పట్టుకుంటే మా అమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అన్ని చోట్లా ఇలాగే ఉందని చెప్పను. కాండీలో చెరువు కనబడే గది అని ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేశాం, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. అడిగితే చివరి అంతస్తు మెట్ల మీద నుంచి కనబడుతుంది చూడండి అన్నారు, డబ్బులు తిరిగివ్వలేదు. దంబుల్ల నుంచి కాండీ వచ్చే దారిలో కారు డ్రైవర్ అడగకుండానే ఒక మసాలా తోటలో ఆపాడు, అక్కడ అమ్మ చేత మోకాళ్ల నూనె ఒకటి కొనిపించారు, బయట అంగట్లో వాటి ధరలు చూస్తే మేమిచ్చింది మూడింతలు. కారు మాట్లాడుకునేటప్పుడే, మధ్యలో ఏ దుకాణం దగ్గరా ఆపొద్దని గట్టిగా చెప్పండి.

నువర ఎలియలో మాకు కలిసొచ్చింది అరవం. అమ్మ పుట్టిల్లు నగరి పక్కన పల్లె, చిన్నప్పటి నుంచి అరవం వచ్చు. టీ తోటల్లో పనిచేసేవాళ్ల పూర్వీకులు తమిళనాడు నుంచి వెళ్లినవాళ్లే కదా, సీతా ఎలియలో సీతమ్మ గుడి దగ్గర ఒకామెతో అమ్మ అరగంట మాట్లాడింది. గుడి చిన్నదే, పక్కనే వాగు. భద్రాచలం చూసిన కళ్లకు అది ఆనకపోవచ్చు, కానీ రామాయణం వింటూ పెరిగిన మనిషికి అక్కడ నిలబడితే వేరుగా ఉంటుంది.

సిగిరియ మాత్రం మన దగ్గర పోలిక దొరకని చోటు. అయిదో శతాబ్దంలో కాశ్యపుడు నిలువు బండ మీద కట్టుకున్న కోట, పైదాకా 1,200 మెట్లు. అమ్మ, మా ఆవిడ కిందే ఉండిపోయారు, నేనూ మా వాడూ ఎక్కాం. మా వాడు అలిపిరి మెట్లు నాలుగుసార్లు ఎక్కినవాడు, 3,550 మెట్ల ముందు ఇదెంత అన్నాడు, కానీ ఇక్కడ ఎండ నేరుగా నెత్తి మీదే, అలిపిరి దారిలో ఉన్నట్టు పైకప్పు, అడుగడుగునా మంచినీళ్లు, మరుగుదొడ్లు లేవు. పైగా టికెట్ డాలర్లలో, స్థానికులు కట్టేదానికి ఎన్నో రెట్లు. అదే మన చంద్రగిరి కోటకు శ్రీలంక వాళ్లు వస్తే మనకున్న టికెట్టే వాళ్లకూ. ఈ విషయంలో మనమే మర్యాదస్తులం.

కాండీలో బుద్ధుడి దంతం ఉన్న దళద మాలిగావ గుడిలో తెల్లబట్టలు కట్టుకుని, చేతిలో కలువపూలు పట్టుకుని వందల మంది నిలబడ్డారు, తోపులాట లేదు, గట్టిగా మాట్లాడేవాళ్లు లేరు. మన దగ్గర ఎందుకు లేదు ఇది అని మా ఆవిడ అంది. నేను ఒప్పుకోలేదు. తిరుమలకు రోజుకు 60, 70 వేల మంది వస్తారు, అంతమందికీ దర్శనం, ఉచితంగా అన్నప్రసాదం, 50, 100 రూపాయల గదులు, నడిచి ఎక్కేవాళ్ల సామాను ఉచితంగా పైకి చేర్చడం, ఇంత పని రోజూ ఎక్కడ జరుగుతోందో చూపించమనండి. ప్లాస్టిక్ బాటిల్ కొండ మీదికి రానివ్వరు. అంటే మనకు చేతకాక కాదు.

కొండ దిగితే మాత్రం కథ మారుతుంది. పోయిన ఏడాది దర్శనానికి వచ్చిన మా బాబాయి వాళ్లకు ఊళ్లో ఒక లాడ్జిలో రెండు వేలకు గది తీసిచ్చాను, దుప్పటి మీద మరకలు, బకెట్ వేడినీళ్లకు విడిగా డబ్బులు. పరువు పోయినట్టయింది నాకు. తలకోన సంగతి మరీ బాధ. 270 అడుగుల జలపాతం, చుట్టూ శేషాచలం అడవి, ఎర్రచందనం, తిరుపతికి గంటన్నర దూరం. శ్రీలంక నుంచి వచ్చిన వారంలోనే వెళ్లాం మేము, నీళ్ల దగ్గర రాళ్ల మధ్య బీరు సీసాలు, బిర్యానీ కవర్లు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు లేదు. శ్రీలంకలో హోర్టన్ ప్లెయిన్స్ అడవి గేటు దగ్గర బిస్కెట్ ప్యాకెట్ కవర్ కూడా విప్పించి తీసేసుకున్నారు. అలిపిరిలో రోజూ జరిగే తనిఖీ తలకోన గేటు దగ్గర ఎందుకు జరగదు? ఎల్లలో లాగా ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ల మీద రెండు గదులు వేసుకుని, రాగిసంకటి, నాటుకోడి పులుసు, శాకాహారులకు ఊరిబిండి పచ్చడి పెడితే రానివాళ్లుంటారా? హార్స్‌లీ హిల్స్‌కూ ఇదే మాట. 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తు, వేసవిలో మదనపల్లె వైపు అంత చల్లటి చోటు ఇంకొకటి లేదు, శనివారం గది దొరకాలంటే గగనం.

ఒక్క సంగతి మిగిలింది. కాండీ చెరువు గట్టున గైడ్ చెప్పాడు, దీన్ని 1807లో తవ్వించింది శ్రీవిక్రమ రాజసింహుడని, కాండీ ఆఖరి రాజు ఆయనేనని. ఆ వంశం నాయక్కర్లు, మధురై నుంచి వెళ్లిన తెలుగు మూలాల వాళ్లు. 1815లో ఇంగ్లీషు వాళ్లు పట్టుకుని ఆయన్ని తెచ్చి పెట్టింది వేలూరు కోటలో, 1832లో పోయింది కూడా అక్కడే. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. మా పెద్దక్క ఇల్లు చిత్తూరే, వేలూరు ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఆ కోట పక్క నుంచే పోయేవాళ్లం, ఒక్కరికీ తెలియదు. ఆయన చెరువు చూశాం, సమాధి చూడకపోతే ఎట్లా అని అమ్మ పట్టుబట్టింది. మార్చిలో వెళ్లాం. పాలారు ఒడ్డున ముత్తుమండపం అంటారు, మేము వెళ్లినప్పుడు మేము నలుగురమే. ఎదురుగా ఏట్లో నీళ్లు లేవు, ఇసుకే. అమ్మ కొంగులో కట్టుకొచ్చిన మల్లెపూలు అక్కడ పెట్టింది. కోట చూడ్డానికి వేలూరు వెళ్లేవాళ్లు ఆటో మాట్లాడుకుని ఒక అరగంట అటు కూడా వెళ్లి రండి.