చి పెన్సో ఈయో: వెనిస్‌లో 30 యూరోల మాట

వెనిస్‌లో మా చెవిన పడ్డ మొదటి ఇటాలియన్ మాట 'చి పెన్సో ఈయో'. నేను చూసుకుంటాలెండి అని అర్థం. కన్నారెజో అనే పేటలో మేం తీసుకున్న గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ లేదన్న సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. అత్తయ్యగారు మోకాళ్లు పట్టుకుని మెట్ల ముందు నిలబడిపోతే, ఓనరు నవ్వుతూ ఆ మాట అని రెండు సూట్‌కేసులూ పైకి మోశాడు. ఎంత మంచివాడో అనుకున్నాం.

ఖాళీ చేసే రోజు బిల్లు చూస్తే పెట్టెకి 15 చొప్పున 30 యూరోలు! రాత్రికి 118 అద్దె, సిటీ టాక్స్ విడిగా నగదు, దాని మీద ఇదీ. అడిగితే మళ్లీ అదే నవ్వు. మా ఆయన ఆ పొద్దున కాఫీ కూడా తాగలేదు. సామాను ఎవరి చేతికైనా ఇచ్చేముందు 'క్వాంతో కోస్త?' అని ధర అడగండి. వద్దనుకుంటే 'నో, గ్రాత్సియె' చాలు.

మధ్యలో మురానో, బురానో దీవులు అన్నీ చూశాం, బావున్నాయి. వాపొరెట్టో పడవకి 75 నిమిషాల టికెట్టే 9.50 యూరోలు, అందుకని ఎక్కువ నడిచాం.

వీధి చివర కాఫీ బార్‌లో అమ్మాయి మాత్రం పైసా తీసుకోకుండా నాకు మాటలు నేర్పింది. 'సెర్వె ఊన మానో?' అంటే అచ్చం మన 'ఓ చెయ్యి వెయ్యనా?' లాంటిదే. 'పొస్సో అయుతార్ల?' అంటే 'మీకు సాయం చెయ్యనా?' స్నేహితులతో అయితే 'అయుతార్తి'. మన మీరు, నువ్వు తేడానే.

స్టేషన్‌కి వెళ్తుంటే గూల్యె వంతెన మెట్ల దగ్గర ఒక ముసలావిడ కూరగాయల చక్రాల సంచితో అవస్థ పడుతోంది. హుషారుగా వెళ్లి 'పొస్సో అయుతార్తి?' అనేశాను. అంత పెద్దావిడని నువ్వు అనేశానన్నమాట! నాలుక కరుచుకున్నాను. ఆవిడ పకపకా నవ్వి, 'అయుతార్ల' అని దిద్ది, సంచి నా చేతికిచ్చింది. అవతల దిగాక 'బ్రావా' అంటూ నా బుగ్గ తట్టింది. అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది.

వెనకాల రెండు సూట్‌కేసులతో మెట్లెక్కుతున్న మా ఆయన అక్కణ్ణుంచే అరిచారు: "ఆ మాటేదో నన్ను కూడా అడగొచ్చు!"