నీటిలో ఆగిన కారును తాడు కట్టి లాగించవద్దు: విశాఖ వాహనదారులకు హెచ్చరిక

విశాఖపట్నంలో గట్టి వాన పడితే జ్ఞానాపురం రైల్వే అండర్ బ్రిడ్జి కింద ఏమవుతుందో ఈ ఊరి వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అక్కడి నీటిలో ఆగిపోయిన మా పెట్రోలు కారును ఆటోనగర్‌కు చేర్చే క్రమంలో, వాన చేయని నష్టాన్ని టోయింగ్ వారు, గ్యారేజీ వారు కలిసి చేశారు.

ఫ్లాట్‌బెడ్ (కారును మొత్తంగా పైకెక్కించుకుని తీసుకెళ్లే బండి) పంపుతామని ఫోనులో చెప్పినవారు తీరా తాడు, కొక్కెం వేసుకుని జీపులో వచ్చారు. నీరు దాటగానే, వద్దని వారిస్తున్నా వినకుండా, "లాగితే అదే స్టార్ట్ అవుతుంది సార్" అంటూ స్టీరింగ్ దగ్గరున్న కుర్రవాడు రెండో గేరు వేసి క్లచ్ వదిలాడు. లోపల ఠక్కుమని శబ్దం వచ్చి, ముందు చక్రాలు బిగుసుకుపోయి తడి రోడ్డు మీద ఈడ్చుకుపోయాయి.

గాలి తీసుకునే గొట్టం గుండా సిలిండర్‌లోకి నీరు చేరితే, గాలిలాగా అది నొక్కుకుపోదు కనుక, పైకి వచ్చే పిస్టన్‌కు దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సెల్ఫ్ కొట్టినా, తోసినా, గేరులో లాగినా ఇదే ప్రమాదం. ముందుగా స్పార్క్ ప్లగ్గులు విప్పి ఇంజన్ తిప్పితే నీరు ఆ రంధ్రాల గుండా బయటికి చిమ్ముతుంది. ఇది తెలియని మెకానిక్ ఉంటాడనుకోను, ఓపిక లేనివారే ఎక్కువ. మా గ్యారేజీలోనూ ఎయిర్ ఫిల్టర్ మూత తీయకుండానే బ్యాటరీ చార్జి చేసి మళ్లీ సెల్ఫ్ కొట్టారు. పట్టుబట్టి మూత తీయిస్తే ఫిల్టర్ కాగితం నుంచి నీరు కారింది. ఇంజన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ మీది ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో ఉంది, అంటే అందులో నీరు కలిసిందన్నమాట. అయినా ఎస్టిమేట్‌లో మాత్రం "పాత అరుగుదల" అని రాశారు.

మామూలు కాంప్రహెన్సివ్ బీమా పాలసీలో ఇలాంటి ఇంజన్ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా చేర్చుకునే రక్షణ) విడిగా తీసుకుని ఉండాలి. అది ఉన్నవారు కూడా బీమా సంస్థ సర్వేయర్ చూడకముందు ఇంజన్ విప్పనివ్వకండి.

ఆటోమేటిక్ కార్లయితే ఇంజన్ తిప్పే చక్రాలు నేలను తాకేలా లాగిస్తే గేర్‌బాక్స్ కూడా పాడవుతుంది కనుక, ఫ్లాట్‌బెడ్ తప్ప మరొక బండి వస్తే తిప్పి పంపండి. గ్యారేజీలో జాబ్ కార్డు మీద "నీటిలో ఆగిన బండి, ప్లగ్గులు విప్పకుండా సెల్ఫ్ కొట్టరాదు" అని రాయించి, సంతకం పెట్టించి, ఫొటో తీసుకున్న తరువాతే తాళం చేతికివ్వండి.