రోమ్‌లో ఏం తినాలి: ట్రాటోరియా భోజనమా, తూకం పిజ్జానా?

సెలవులకు యూరప్ టూర్ బుక్ చేసుకున్న ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే: "రోమ్‌లో ఎక్కడ తినమంటారు?" పిజ్జా, పాస్తా సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఆ ఉపోద్ఘాతం వదిలేద్దాం. రెండు మూడు రోజులు ఉండేవాళ్లు అసలు తేల్చుకోవాల్సింది రెండింటి మధ్యే. ఒకటి ట్రాటోరియా, హంగూ ఆర్భాటం లేకుండా ఊరి వంటలు వండిపెట్టే భోజనశాల. రెండోది పిజ్జా అల్ తాల్యో, పెద్ద పెద్ద పళ్లాల్లో కాల్చిన పిజ్జాను కోసి తూకానికి అమ్మే కొట్టు. రుచి, ధర, శాకాహారం అన్నీ చూడాల్సినవే. కానీ నా లెక్కలో దీన్ని తేల్చేది గడియారం.

ట్రాటోరియాల్లో ఎక్కువభాగం మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలుపెట్టి రెండున్నరకో మూడింటికో వంటగది కట్టేస్తాయి. మళ్లీ రాత్రి ఏడున్నరకే. ఇప్పుడు మనవాళ్ల రోజు చూడండి. పొద్దున్నే బ్రేక్‌ఫాస్ట్ చేసి కొలోసియం దగ్గర లైన్లో నిలబడతారు. అదే టికెట్‌తో ఫోరమ్, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు కాబట్టి అవీ తిరుగుతారు. బయటపడేసరికి మూడున్నర. పిల్లలు ఆకలని గోల, పెద్దవాళ్లకు కాళ్ల నొప్పులు. ఆ టైమ్‌లో దగ్గర్లో కనిపించేవి వంటల ఫొటోలతో మెనూ బోర్డు పెట్టి, గుమ్మంలో మనిషిని నిలబెట్టి పిలిపించే చోట్లు. పియాజ్జా నవోనా, పాంథియాన్, ట్రెవీ ఫౌంటెన్ చుట్టుపక్కల ఇవి ఎక్కువ. ఇటలీలో తిండి ఏమీ బాగోలేదని తిరిగొచ్చి చెప్పినవాళ్లను ఎప్పుడు, ఎక్కడ తిన్నారని అడిగితే, చాలాసార్లు ఇదే టైమ్, ఇవే వీధులు చెబుతారు. అది రోమ్ వంట తప్పు కాదు.

తూకం పిజ్జా కొట్టుకు ఈ చిక్కు లేదు. చాలావరకు పొద్దున నుంచి రాత్రిదాకా తెరిచే ఉంటాయి. అద్దం వెనక పొడవాటి ఇనప పళ్లాలు వరసగా ఉంటాయి. మీరు వేలు చూపిస్తే, అమ్మేవాళ్లు కత్తిని పిజ్జా మీద ఒకచోట ఆనించి ఇంత చాలా అన్నట్టు మీ వంక చూస్తారు. కొంచెం ఇటు, కొంచెం అటు అని చేత్తో చెబితే చాలు, భాష అక్కర్లేదు. కొన్నిచోట్ల కత్తెరతోనే కోస్తారు. తూచి, మళ్లీ వేడిచేసి, కాగితంలో పెట్టి ఇస్తారు. ఒక్కరికి 250 నుంచి 300 గ్రాములు సరిపోతుంది. బోర్డు మీద ధర కిలోకి రాశారో, 'ఎట్టో' అని 100 గ్రాములకి రాశారో ఒకసారి చూసుకోండి. నాలుగు రకాలు నాలుగు ముక్కలు కోయించుకుని అందరూ పంచుకోవచ్చు. ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు ఈ సౌకర్యం చిన్నదేం కాదు.

శాకాహారులకు ఇంకో లాభం: పిజ్జా మీద ఏముందో కంటికి కనిపిస్తుంది. పల్చటి బంగాళాదుంప ముక్కలు, రోజ్‌మేరీ వేసినది నాకు అన్నిటికంటే ఇష్టం. టమాటా మాత్రమే పూసిన పిజ్జా రోస్సాలో చీజ్ కూడా ఉండదు. అదే కౌంటర్లో ఉండే వేపుళ్లతోనే జాగ్రత్త. సుప్లీ అనే అన్నం ఉండలో పాత పద్ధతి ప్రకారం మాంసం సాస్ కలుపుతారు. గుమ్మడి జాతి పువ్వుల బజ్జీలో మొజరెల్లాతో పాటు ఆంకోవీ చేప పెడతారు. పైనుంచి చూస్తే ఏదీ తెలీదు.

వాటికన్ మ్యూజియంల వైపు వెళ్లేవాళ్లు చీప్రో మెట్రో స్టేషన్ దగ్గర గాబ్రియేలే బోంచీ 2003లో పెట్టిన పిజ్జేరియం చూడండి. జనం ఉంటారు, ధర కూడా మామూలు కొట్ల కంటే ఎక్కువే. అయినా గంటల తరబడి పులియబెట్టిన పిండి ఎంత తేలిగ్గా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

ఈ కొట్లలో లోటు ఒకటే, కూర్చునే చోటు. నాలుగు స్టూళ్లు ఉంటే గొప్ప. పొట్లం పట్టుకుని స్పానిష్ స్టెప్స్ మీదకు వెళ్దాం అనుకోకండి. 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చుంటే జరిమానా. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే ఈ ఒక్క కారణం చాలు ట్రాటోరియా వైపు మొగ్గడానికి.

ట్రాటోరియాకు వెళ్తే పాస్తా కోసమే వెళ్లాలి. రోమ్ పాస్తాలు నాలుగూ ఒకదాని మీద ఒకటి కట్టినవే. పెకోరినో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు కలిస్తే కాచో ఎ పెపె. దానికి పంది దవడ మాంసం గ్వాంచాలే చేరిస్తే గ్రీచా. గ్రీచాలో టమాటా వేస్తే అమాత్రీచానా, గుడ్డు వేస్తే కార్బొనారా. కార్బొనారాలో క్రీమ్ కనిపిస్తే అది రోమ్ పద్ధతి కాదు. కాచో ఎ పెపెలో నూనె, వెన్న లేకుండా పాస్తా ఉడికిన నీళ్లతోనే చీజ్‌ను కరిగించి చిక్కటి సాస్ చేస్తారు. వేడి ఎక్కువైతే ముద్దకట్టేస్తుంది. అందుకే అది బాగా చేసిన చోట మిగతావీ బాగుంటాయని నా నమ్మకం.

నాలుగింటిలో మాంసం లేనిది అదొక్కటే. అయితే పెకోరినో రొమానోను గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు, శాకాహారం కఠినంగా పాటించేవాళ్లు తెలుసుకోవాలి. బీఫ్, పోర్క్ తిననివాళ్లకు మెయిన్ వంటకాల్లో మిగిలేది తక్కువే: సాల్తింబొక్కా అంటే దూడ మాంసం, కోడా అంటే ఎద్దుతోక. సైడ్ డిష్‌లలో చికోరియా రిపస్సాతా అడగండి. చేదు ఆకుకూరను ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనెలో మగ్గిస్తారు. మన తోటకూర వేపుడుకు దగ్గరి చుట్టం.

నేను చెప్పేది, ఉన్న రోజుల్లో ఒక్క మధ్యాహ్నం ట్రాటోరియాకు కేటాయించి, ఒంటిగంటకు టేబుల్ ముందే బుక్ చేసుకోండి. ఆ రోజు కొలోసియం పెట్టుకోకండి. టెస్టాచ్చో పేట మంచి ఎంపిక. 1975 దాకా ఊరి కబేళా అక్కడే ఉండేది, కూలీలకు దక్కిన మిగులు మాంసంతోనే రోమ్ వంటలు చాలా పుట్టాయి. మిగతా పూటలన్నీ నేనైతే తూకం పిజ్జాకే వదిలేస్తాను.

ఇక మిగతావి. పల్చగా కరకరలాడే గుండ్రటి పిజ్జా రాత్రి పూట తినాల్సింది, ఒకసారి తినొచ్చు. టెర్మినీ స్టేషన్ చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి, పిల్లలు అన్నం అని ఏడిస్తే పనికొస్తాయి. నీళ్లు కొనక్కర్లేదు, నజోని అనే వీధి కుళాయిలు ఊరంతా ఉన్నాయి, అందులోవి తాగే నీళ్లే. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య వెళ్తే పాత యూదుల పేటలో నూనెలో పువ్వులా విచ్చుకునేలా వేయించిన ఆర్టిచోక్ అనే పూమొగ్గ, కార్చోఫి అల్లా జుదియా, తప్పక తినండి. వేసవిలో వెళ్లేవాళ్లు దాని కోసం వెతకొద్దు, రోమ్ ఆర్టిచోక్ కాలం అప్పటికే అయిపోతుంది.